గోదావరిలో కయాక్ ఎక్కేముందు ఏం వేసుకోవాలి: సంక్రాంతి చలి నుంచి మంచు నీళ్ళ దాకా

డిసెంబరు వచ్చిందంటే నాకు రెండు రకాల ఫోన్లు వస్తాయి. ఒకటి: "పండక్కి ఊరొస్తున్నాం, కోనసీమలో దిండి దగ్గర తెల్లారగట్ల కయాక్ వేద్దామనుకుంటున్నాం. స్వెట్టర్ వేసుకోవాలా?" రెండోది: "మా అబ్బాయి సియాటెల్‌లో ఉంటున్నాడు, అక్కడ కయాకింగ్‌కి వెళ్తాడట. ఏం కొనుక్కోమంటారు?"

కయాక్ అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ. రెండు ఫోన్లకీ జవాబు ఒకచోటే మొదలవుతుంది. బట్టలు గాలిని చూసి కాదు, నీటిని చూసి వేసుకోవాలి. మీరు పొడిగా కూర్చుని తెడ్డు వేస్తున్నప్పుడు ఎలా ఉంటుందన్నది కాదు లెక్క. పడవ తిరగబడి పావుగంట నీళ్ళలో ఉండాల్సి వస్తే ఎలా ఉంటుందన్నది లెక్క. అక్కడి నుంచి మన గోదావరి దారి వేరు, సియాటెల్ దారి వేరు. ఒకదానికి సరిపడే బట్టలు రెండోదానికి పనికిరావు, కొన్నిసార్లు ప్రమాదం కూడా.

1. ముందు నీళ్ళ వేడి కొలవండి

చెయ్యి ముంచి "చల్లగానే ఉందే" అనుకోవడం కొలత కాదు. మన జిల్లాల్లో థర్మామీటరు దొరకడం కష్టమేమీ కాదు. రొయ్యల చెరువుల వాళ్ళకి సామాన్లు అమ్మే ఏ ఆక్వా షాపులో అడిగినా ఇస్తారు. దానికి రెండు గజాల తాడు కట్టి, రేవులో మోకాలి లోతున ముంచి, రెండు నిమిషాలు ఆగి చూడండి.

సంక్రాంతి ముందు తెల్లవారుజామున మా రేవులో నేను కొలిచినప్పుడల్లా 23, 24 డిగ్రీల దగ్గర ఉంటోంది. అదే సమయంలో బయట గాలి 18, 19. అంటే గాలి కన్నా నీళ్ళే వెచ్చన. ధనుర్మాసంలో గోదావరి మీద పొగలు లేచేది అందుకే.

పోటు మీదున్నప్పుడు సముద్రపు నీళ్ళు యానాం దాకా, దిండి దాకా ఎక్కి వస్తాయి. పాటులో పై నీళ్ళు దిగుతాయి. ఒకే రోజు ఒకే రేవులో డిగ్రీ, డిగ్రీన్నర తేడా చూశాను. బట్టలు మార్చుకోవాల్సినంత తేడా కాదు గానీ, కొలిచే అలవాటు ఉంటే రేపు ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుంది.

2. కొలత చూసి బట్ట ఎంచుకోండి

నేను పాటించే హద్దులు ఇవి. గాలి బాగా ఉన్నా, ఒడ్డుకి దూరంగా వెళ్తున్నా, ఈత అంతంతమాత్రమైనా ఒక మెట్టు కిందిది, అంటే ఇంకా వెచ్చటిది తీసుకోండి.

- 25 డిగ్రీలు, ఆ పైన: పల్చటి నైలాన్ లేదా పాలిస్టర్ బట్టలు. చలి గురించి కాదు, ఎండ గురించి ఆలోచించండి.
- 20 నుంచి 25: అవే బట్టలు, వాటి మీద గాలి ఆపే పల్చటి జాకెట్. మన చలికాలపు గోదావరి ఇక్కడే ఉంటుంది.
- 15 నుంచి 20: చేతుల్లేని 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ (ఒంటికి అతుక్కునే రబ్బరు బట్ట), పైన జాకెట్.
- 10 నుంచి 15: ఒళ్ళంతా కప్పే వెట్‌సూట్, లేదంటే డ్రైసూట్ (లోపలికి నీళ్ళు రానివ్వని సూటు). ఈ రెండింటి సంగతి ఏడో భాగంలో చెప్తాను. చేతులకి గ్లవ్స్, తలకి టోపీ.
- 10 లోపు: డ్రైసూట్, లోపల వెచ్చటి బట్టలు. ఒంటరిగా అసలు వెళ్ళొద్దు.

3. మన గోదావరికి: ఒంటి మీద ఏముండాలి

మొదటి ఏడాది నేను చేసిన నిర్వాకం చెప్తాను. జీన్స్ ప్యాంటు, నూలు బనియన్, దాని మీద స్వెట్టరు, నెత్తిన మంకీ క్యాప్. ఆ వేషంతో గోదావరి పాయ వశిష్టలోకి దిగాను. మంచులో వల కట్టిన కర్ర కనబడక, దాన్ని గుద్ది తిరగబడ్డాను. నీళ్ళు వెచ్చగా హాయిగా ఉన్నాయి. ఒడ్డు 20 గజాలు కూడా లేదు. టెన్షన్ ఏమీ పడలేదు.

పైకి ఎక్కబోతే తెలిసింది. బట్టల్లో చేరిన నీళ్ళ బరువు నీళ్ళలో ఉన్నంతసేపూ తెలియదు. ఒంటిని పైకి లేపినప్పుడే తెలుస్తుంది. స్వెట్టరు చేతులు మోచేతుల కింద సంచుల్లా వేలాడాయి, జీన్స్ మోకాళ్ళ దగ్గర బిగుసుకుపోయి కాళ్ళు మడవనివ్వలేదు. మూడోసారికి ఎలాగో ఎక్కాను. ఎక్కాక ఉత్తరపు గాలి మొదలైంది. రేవుకి చేరడానికి పట్టింది అరగంటే కానీ, చేరేసరికి పళ్ళు టకటకలాడి, తాడు ముడి విప్పడానికి వేళ్ళు రాలేదు.

మన దగ్గర చలి నీళ్ళలో పుట్టదు. తడిసిన బట్ట మీద గాలి తగిలినప్పుడు పుడుతుంది. కాబట్టి మనకి కావాల్సినవి రెండే గుణాలు: నీళ్ళు పీల్చకూడదు, గాలి ఆపాలి.

లోపలి పొర. ఒంటికి అంటుకునే పాలిస్టర్ టీ షర్టు, పొడుగు చేతులది. క్రికెట్ జెర్సీ బట్ట తెలుసుగా, అలాంటిది. తడిసినా పిండితే త్వరగా ఆరిపోతుంది. కాలరు ఉంటే మెడ వెనక ఎండకి కాపు.

కింద. మన వైపు అద్దెకి దొరికేవి ఎక్కువగా పైన కూర్చునే రకం కయాక్‌లు. కూర్చునే గుంటలో ఎప్పుడూ కాసిని నీళ్ళు నిలుస్తాయి. అంటే మీరు పడవ మీంచి పడకపోయినా నడుం కింది భాగం తడుస్తూనే ఉంటుంది. నైలాన్ షార్ట్స్, దాని కింద పొడుగు లెగ్గింగ్స్ లాంటివి వేసుకోండి. లోదుస్తులు కూడా నూలువి వద్దు. గంటన్నర తడి నూలు మీద కూర్చుంటే తొడలు ఒరుసుకుపోయి, మర్నాడు పండక్కి పంచె కట్టుకుని నడవడం కూడా కష్టమవుతుంది.

పై పొర. గాలి దూరని పల్చటి జాకెట్. బండి మీద వెళ్ళేటప్పుడు వేసుకునే రెయిన్‌కోటు పై భాగం చాలు, కానీ రెండు షరతులు. మణికట్టు దగ్గర ఎలాస్టిక్ లేదా పట్టీ ఉండాలి, లేకపోతే తెడ్డు లేపినప్పుడల్లా నీళ్ళు మోచేతి దాకా కారతాయి. పొడవు నడుం దగ్గర ఆగాలి, మోకాళ్ళ దాకా జారే కోటు కాళ్ళకి అడ్డం పడుతుంది.

తల. పొద్దున్నే పల్చటి ఉన్ని టోపీ పర్వాలేదు. ఎనిమిదిన్నరకి మంచు విడిపోయాక నీళ్ళ మీంచి వచ్చే ఎండ మొహం మాడ్చేస్తుంది. అప్పటికి అంచున్న టోపీ కావాలి, గడ్డం కింద తాడుతో. తాడు లేని టోపీలు ఎన్ని అంతర్వేది వైపు కొట్టుకుపోయాయో లెక్కలేదు. కళ్ళజోడుకి కూడా తాడు కట్టండి.

రంగు. నారింజ, పసుపు, ఎరుపు. నలుపు, నీలం, ఆకుపచ్చ వద్దు. మంచులో ఇసుక పడవలు, చేపల మోటారు పడవలు, పంట్లు అన్నీ తిరుగుతూనే ఉంటాయి. కయాక్‌లో మీరు నీళ్ళకి కాస్తంత ఎత్తునే ఉంటారు. బూడిద రంగు జాకెట్ వేసుకుంటే మీరూ ఒక తేలే దుంగే.

ఆడవాళ్ళు తరచుగా అడిగేది: చుడీదార్‌తో వెళ్ళొచ్చా? చున్నీ లేకుండా, నైలాన్ లెగ్గింగ్స్‌తో, కుర్తీ బదులు పొడుగు చేతుల టీ షర్టుతో వెళ్ళండి. జారే పైటా చున్నీ తెడ్డుకి చుట్టుకుంటాయి. జడ ముడి వేసుకోండి. గొలుసులు, గాజులు ఇంట్లో పెట్టి రండి. మంగళసూత్రం తియ్యనంటే టీ షర్టు లోపలికి వేసుకుని, పైన లైఫ్ జాకెట్ బిగించండి.

4. లైఫ్ జాకెట్: మిగతావన్నీ దీని తర్వాతే

2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగాక మన వైపు లైఫ్ జాకెట్ ఎందుకని అడిగేవాళ్ళు తగ్గారు. ఎలాంటిది, ఎలా బిగించాలి అని అడిగేవాళ్ళు ఇంకా తక్కువే. టూరిస్టు పడవల్లో ఇచ్చే దిండు లాంటి జాకెట్ కూర్చుని ప్రయాణం చేసేవాళ్ళ కోసం చేసింది. దాంతో తెడ్డు వేస్తే చంకలు కోసుకుపోతాయి, పావుగంటకే విప్పి పక్కన పడేస్తారు.

కయాక్‌కి భుజాల దగ్గర వెడల్పుగా కోసిన, ఫోమ్ నింపిన, 50 న్యూటన్ల రకం సరిపోతుంది. లోపలి లేబుల్ మీద ఐఎస్ఓ 12402-5 అని ఉంటుంది. 50 న్యూటన్లంటే నీళ్ళలో సుమారు 5 కిలోల తేలే బలం. ఇది ఈత వచ్చినవాళ్ళకి. స్పృహ తప్పితే మొహం పైకి తిప్పే పని ఇది చెయ్యదు. ఈత రానివాళ్ళు 100 న్యూటన్ల రకం, అంటే 12402-4 అని ఉన్నది, మెడ వెనక కాలరుతో వేసుకోవాలి. కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోండి. పిల్లలకి కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండి తీరాలి.

సరిపోయిందో లేదో ఇలా చూడండి:

- లేబుల్ మీద బరువు హద్దుల్లో మీ బరువు ఉందా?
- కింది పట్టీ నుంచి మొదలుపెట్టి పైకి బిగించండి.
- పక్కనున్నవాళ్ళని భుజాల దగ్గర పట్టుకుని గట్టిగా పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చిందంటే వదులు.
- రెండు చేతులూ తెడ్డు వేస్తున్నట్టు తిప్పండి. చంకలో గీరుకోకూడదు.
- ఫోమ్ నొక్కి వదలండి. పొడిపొడిగా చప్పుడు చేసినా, నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయినా ఆ జాకెట్ వద్దు.
- విజిల్ కట్టి ఉందా? మంచులో కేక వినపడనంత దూరం విజిల్ వినపడుతుంది.

గాలి ఆపే జాకెట్ లైఫ్ జాకెట్ కింద ఉండాలి, పైన కాదు. దీనివల్ల ఒక చిక్కుంది. తొమ్మిది గంటలకి ఉక్కపోసి లోపలి జాకెట్ విప్పాలంటే ముందు లైఫ్ జాకెట్ విప్పాలి. అది నడి ఏట్లో చెయ్యొద్దు. దగ్గరలో ఉన్న లంక ఒడ్డుకో ఇసుక తిప్పకో చేరి, నిలబడి మార్చుకోండి. అందుకే ముందంతా జిప్పు ఉన్న జాకెట్ కొనండి. లైఫ్ జాకెట్ మెడ దగ్గర్నుంచి కాస్త జిప్పు దించుకుంటే అక్కడిదాకా ఊపిరాడుతుంది.

5. పాదాలు

హవాయి చెప్పులు వద్దు. మన ఒండ్రు బురదలో అడుగు వేస్తే కాలు వస్తుంది, చెప్పు రాదు. కోరింగ మడ అడవుల వైపైతే ఇంకో బాధ. నేలలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చే శ్వాస వేర్లు, వాటికి అంటుకున్న ఆల్చిప్పలు. ఆల్చిప్ప అంచు బ్లేడులా కోస్తుంది. బురదలో అయిన గాయం పుండుగా మారడానికి ఎక్కువ రోజులు పట్టదు.

మడమకి పట్టీ ఉన్న శాండిల్స్, లేదా లేసులు బిగించిన పాత కాన్వాస్ బూట్లు చాలు. గమ్‌బూట్లు మాత్రం కాదు. వాటి నిండా నీళ్ళు చేరాక పడవ ఎక్కి చూస్తే తెలుస్తుంది. చేపలు పట్టేవాళ్ళు ఉత్త కాళ్ళతో తిరుగుతారు కదా అంటారు. వాళ్ళ అరికాలు ఒకసారి చూడండి, తర్వాత మీది చూసుకోండి.

6. పొడి సంచిలో ఏం పెట్టాలి

తడిసిన మనిషికి వెచ్చదనం ఇచ్చేది మొదట పొడి బట్ట. డ్రై బ్యాగ్ లేకపోతే మందపాటి ప్లాస్టిక్ కవర్లు రెండు, ఒకదాంట్లో ఒకటి. ఒక్కోదాన్ని మెలితిప్పి, మడిచి, రబ్బరు బ్యాండు వెయ్యండి. కయాక్‌కి తాడుతో కట్టండి, ఊరికే పెట్టొద్దు.

- తువ్వాలు
- పొడి చొక్కా, స్వెట్టరు (ఒడ్డున స్వెట్టరుకి తిరుగులేదు)
- లుంగీ
- ఫ్లాస్కులో తియ్యటి టీ
- ఇంకో కవర్లో ఫోను

లుంగీ ఎందుకంటారా? ఒడ్డున తడి బట్టలు మార్చుకోవడానికి దాన్ని మించింది లేదు. విదేశాల్లో ఇదే పనికి టోపీ కుట్టిన పెద్ద తువ్వాలు కోటు అమ్ముతారు, వేలల్లో ఖరీదు. మెడ దాకా ఎత్తి పళ్ళతో పట్టుకునే విద్య మనకి పుట్టుకతో వచ్చింది.

7. నిజంగా చల్లటి నీళ్ళకి వెళ్తే

ఇక రెండో రకం ఫోను. సియాటెల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్‌లో నీళ్ళు ఏడాది పొడవునా చల్లగానే ఉంటాయి, చాలా చోట్ల 7 నుంచి 13 డిగ్రీల మధ్య. షికాగో పక్కన మిషిగన్ సరస్సు ఇంకా మోసకారి. మే నెలలో బయట టీ షర్టు ఎండ కాస్తుంటే నీళ్ళు 10 డిగ్రీల దగ్గర ఉండొచ్చు. మన రిషికేశ్‌లో గంగ కూడా హిమాలయాల్లోంచి దిగిన నీరే, గోదావరి లెక్క అక్కడ పనిచెయ్యదు.

ఇక్కడ శత్రువు గాలి కాదు, నీళ్ళే. నీళ్ళు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. అయితే మొదటి ప్రమాదం ఒళ్ళు చల్లబడి పోవడం కాదు. 15 డిగ్రీల లోపు నీళ్ళలో ఒక్కసారిగా పడితే మీ ప్రమేయం లేకుండానే పెద్దగా ఊపిరి లోపలికి లాగేస్తారు. ఆ క్షణంలో మొహం నీళ్ళలో ఉంటే లోపలికి పోయేది నీళ్ళే. తర్వాత ఊపిరి ఆగకుండా ఎగపోస్తుంది. ఎంత ఈతగాడైనా అంతే.

చల్లటి నీళ్ళ వాళ్ళు 1-10-1 అని గుర్తుపెట్టుకుంటారు. ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం. చేతులు కాళ్ళు మాట వినే సమయం 10 నిమిషాలు. ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట. నీటి వేడిని బట్టి, మనిషిని బట్టి ఇవి మారతాయి. లైఫ్ జాకెట్ లేకపోతే చాలామంది ఆ గంట దాకా మిగలరు, చేతులు కాళ్ళు మాట వినడం మానగానే మునిగిపోతారు. పడగానే ఈదొద్దు. పడవ పట్టుకుని, మొహం పైకి ఉంచి, ఊపిరి కుదుటపడేదాకా తేలండి. ఆ తర్వాత పడవ ఎక్కే పని చూడండి.

వెట్‌సూట్ అంటే సన్నటి గాలి బుడగలున్న నియోప్రీన్ రబ్బరు బట్ట. పేరులోనే ఉంది, లోపలికి నీళ్ళు వస్తాయి. ఒంటికీ బట్టకీ మధ్య పల్చటి నీటి పొర చేరి ఒంటి వేడికి వెచ్చబడుతుంది. వదులుగా ఉంటే పాత నీళ్ళు పోయి కొత్త చల్లటి నీళ్ళు వస్తూనే ఉంటాయి, అప్పుడు వేసుకున్నా ఒకటే, మానినా ఒకటే. చంకలో, నడుం వెనక, మోకాలి వెనక చిటికెడు బట్ట కూడా పట్టుకోవడానికి రాకూడదు. కానీ ఊపిరి నిండా పీల్చగలగాలి, రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తగలగాలి. తెడ్డు వేసేవాళ్ళకి చేతుల్లేని రకం హాయి, భుజాలు అలిసిపోవు.

డ్రైసూట్లోకి నీళ్ళు రావు. మెడ, మణికట్ల దగ్గర లేటెక్స్ రబ్బరు పట్టీలు అతుక్కుని ఉంటాయి. ఒక్కటి గుర్తుంచుకోండి: డ్రైసూట్ దానంతట అది వెచ్చగా ఉంచదు. నీళ్ళని ఆపుతుంది, అంతే. వెచ్చదనం లోపల వేసుకున్న ఉన్ని, ఫ్లీస్ బట్టలది. లోపల నూలు బనియన్ వేసుకుంటే చెమటకే తడిసి చల్లబడతారు. జిప్పు పూర్తిగా వేశాక నీళ్ళ ఒడ్డున గొంతుకూర్చుని, మెడ పట్టీని వేలితో కాస్త తెరిచి, లోపలి గాలి బయటికి తోసెయ్యండి. లేకపోతే గాలి కాళ్ళలోకి చేరి బుడగలా తేలుతారు.

చేతులకి నియోప్రీన్ గ్లవ్స్, లేదా తెడ్డుకే తొడిగి అందులో చెయ్యి దూర్చే పోగీలు. పోగీల్లో వేళ్ళకి తెడ్డు నేరుగా తగులుతుంది కాబట్టి పట్టు బాగుంటుంది. కానీ నీళ్ళలో పడితే అవి తెడ్డుతోనే ఉండిపోతాయి, చేతులు ఉత్తవి. 10 డిగ్రీల లోపు గ్లవ్స్ కూడా జేబులో ఉండాలి. తలకి నియోప్రీన్ టోపీ, పాదాలకి నియోప్రీన్ బూట్లు.

డబ్బు సంగతి. మంచి డ్రైసూట్ ఖరీదుతో సెకండ్ హ్యాండ్ బండి వస్తుంది. ఏడాదికి రెండుసార్లు వెళ్ళేవాళ్ళు కొనొద్దు, అద్దెకి తీసుకోండి. తీసుకునేటప్పుడు మెడ, మణికట్టు పట్టీలు సాగదీసి పగుళ్ళు చూడండి.

ఒక మాట మన వైపు వాళ్ళకి. మా బావ విదేశం నుంచి ఒళ్ళంతా కప్పే 5 మిల్లీమీటర్ల వెట్‌సూట్ తెచ్చిచ్చాడు. ముచ్చటపడి జనవరిలో వేసుకుని గౌతమిలోకి వెళ్ళాను. పది గంటలకల్లా తల తిరిగి, వాంతి వచ్చేలా అయింది. మన తేమలో, మన ఎండలో అది వడదెబ్బ సూటు. ఇప్పుడు దాన్ని మా తమ్ముడు రిషికేశ్ వెళ్ళేటప్పుడు పట్టుకెళ్తాడు.

8. ఒడ్డునే ఒకసారి తడిసి చూడండి

చాలామంది వదిలేసేది ఇదే. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. వేసుకున్న బట్టలు పనిచేస్తాయా లేదా అన్నది రేవులోనే తేలాలి, నడి ఏట్లో కాదు.

- తోడు ఒకరు ఒడ్డున ఉండగా, ప్రవాహం లేని చోట నడుం లోతుకి దిగండి.
- మెడ దాకా మునిగి 5 నిమిషాలు ఉండండి. చల్లటి నీళ్ళ ఊళ్ళలోనైతే 15, 20 నిమిషాలు.
- అక్కడే కయాక్ తిప్పేసి, మళ్ళీ ఎక్కండి. జాకెట్ ఎక్కడ పట్టుకుంటోంది, ప్యాంటు ఎక్కడ జారుతోంది చూడండి.
- తడి బట్టలతోనే 10 నిమిషాలు గాలికి కూర్చోండి. వణుకు వస్తే ఒక పొర తక్కువైందన్న మాట.
- విజిల్ తీసి ఊదండి, జిప్పు దించండి. తడి వేళ్ళతో రాకపోతే జిప్పుకి తాడు కట్టుకోండి.

జూలై నుంచి సెప్టెంబరు దాకా, వరద నీళ్ళు ఎర్రగా దిగుతున్నప్పుడు ఈ పరీక్షలూ వద్దు, కయాకూ వద్దు. దానికి తగిన బట్ట ఎవరూ కుట్టలేదు.

9. జరిగే తప్పులు, సర్దుబాట్లు

*"కొబ్బరి నూనె పట్టిస్తే చలి ఆగుతుంది కదా?"* కోనసీమలో కొబ్బరి నూనెకి లొంగనిది లేదనుకుంటాం. ఆ పల్చటి పొర వేడిని ఆపదు. ఒరుసుకునే చోట తొడలకి రాస్తే మంట తగ్గుతుంది, అంతవరకే. పైగా నూనె చేత్తో తెడ్డు జారుతుంది, డ్రైసూట్ లేటెక్స్ పట్టీలకి తగిలితే అవి పాడైపోతాయి.

*బయల్దేరేటప్పుడే వెచ్చగా ఉండాలనుకోవడం.* రేవులో నిలబడ్డప్పుడు కాస్త చలేస్తే సరిగ్గా వేసుకున్నట్టు. పది నిమిషాలు తెడ్డు వేస్తే ఒళ్ళు వేడెక్కుతుంది. వెచ్చగా బయల్దేరితే చెమటతో తడుస్తారు, ఆగినప్పుడు గాలికి వణుకుతారు. చల్లటి నీళ్ళ ఊళ్ళలో మాత్రం ఈ లెక్క పెట్టుకోకండి. అక్కడ ఉక్కపోసినా నీటికి తగ్గ బట్టే ఉండాలి, ఉక్కపోస్తే చెయ్యి ముంచి మొహం తడుపుకోండి.

*గుంపులో ఒకరికి బట్టలు సరిగ్గా లేకపోవడం.* ఆ ఒక్కరి బట్టల్ని బట్టే దారి నిర్ణయించండి. ఒడ్డు వెంటే వెళ్ళండి, ఏరు దాటొద్దు.

*మధ్యాహ్నం తిరుగు ప్రయాణం.* పొద్దున అద్దంలా ఉన్న నీళ్ళు సముద్రపు గాలి లేచాక అలలు పడతాయి. పొద్దున విప్పిన జాకెట్ మళ్ళీ వేసుకోవాల్సిందే. బద్ధకించకండి.

10. ఎవరైనా తడిసి వణుకుతుంటే

గాలి తగలని చోటికి తీసుకెళ్ళండి. తడివన్నీ విప్పి, తుడిచి, పొడివి వెయ్యండి. తలకి కూడా చుట్టండి. మింగగలిగితే తియ్యటి వేడి టీ ఇవ్వండి. చేతులు కాళ్ళు రుద్దకండి.

"రెండు పెగ్గులేస్తే సర్దుకుంటుంది" అనే పెద్దమనిషి ప్రతి రేవులోనూ ఒకడుంటాడు. మందు తాగితే చర్మం కింద రక్తనాళాలు విప్పారి, ఒంటి లోపలి వేడి బయటికి పోతుంది. వెచ్చగా అనిపిస్తుంది కానీ, మనిషి ఇంకా చల్లబడతాడు.

వణుకు ఆగిపోయి మాట తడబడుతున్నా, అయోమయంగా చూస్తున్నా అది తేరుకోవడం కాదు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కిందికి పోయి, ఇంకా దిగుతోందన్న మాట. నడిపించకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చెయ్యండి.

11. ఇంటికొచ్చాక

యానాం, అంతర్వేది, కోరింగ వైపు వెళ్తే ఉప్పు నీళ్ళు తగిలినట్టే. ఆ రోజే మంచినీళ్ళతో అన్నీ కడగండి. జిప్పుల్లో, బకిల్స్‌లో ఒండ్రు ఇసుక ఇరుక్కుంటుంది, పాత పళ్ళ బ్రష్షుతో తోమండి. ఇనుప జిప్పు పట్టేస్తే కొవ్వొత్తి ముక్కతో రుద్దండి.

నియోప్రీన్, లైఫ్ జాకెట్ నీడలోనే ఆరాలి. ముందు లోపలి వైపు తిరగేసి, తర్వాత బయటి వైపు. కొబ్బరి ఎండబెట్టే డాబా మీద పడేస్తే రెండు వేసవులకే రబ్బరు పెళుసైపోతుంది. ఆరాక మడత పెట్టకుండా లావుపాటి హ్యాంగరుకి వేలాడదీయండి. లైఫ్ జాకెట్ మీద ఎవర్నీ కూర్చోనివ్వకండి. మా ఇంట్లో దాన్ని దిండుగా వాడినవాళ్ళున్నారు, ఇప్పుడు దాని వీపు భాగం అప్పడంలా ఉంది, కొత్తది కొనాల్సి వచ్చింది.